పదకొండు స్క్రూల భువనేశ్వరి

నగరిలో మరమగ్గాల మోత వింటూ హాయిగా నిద్రపోగల మనిషి భువనేశ్వరి. కరెంటు పోయి మగ్గాలు ఆగితేనే ఉలిక్కిపడి లేస్తుంది. ఆ మగ్గాల మీద చీరలు నేసేది ఆమె మొగుడు చంద్రమౌళి. ఆమె మాత్రం మూడేళ్లుగా శ్రీ సిటీలో ఒక ఏసీల కంపెనీకి పోతోంది. సాయంత్రం బస్సెక్కి పోయి, రాత్రంతా నిలబడి పనిచేసి, పొద్దున ఎనిమిదికి ఇల్లు చేరుతుంది. వీధంతా పనికి పోయే వేళకు ఆమెకు రాత్రి మొదలవుతుంది.

కోడలు పట్టపగలు పడుకుంటుందని అత్త గంగులమ్మకు మొదట్లో తలవంపుగా ఉండేది. ఎవరూ ఏమీ అనకముందే తానే వీధిలో ఒక మాట వేసింది, మా కోడలు ఏసీలు చేస్తుంది అని. వీధి నమ్మింది. వాయిదాల మీద ఆ కంపెనీ ఏసీయే ఒకటి ఇంటికి వచ్చాక మరీ గట్టిగా నమ్మింది.

నిజానికి భువనేశ్వరి ఏసీ చేయదు. మిద్దె మీద పెట్టే బయటి డబ్బా లైనులో తన ముందుకు వస్తే, దాని మూతకు పదకొండు స్క్రూలు బిగిస్తుంది. అంతే. అది పోతుంది, ఇంకోటి వస్తుంది. డబ్బా లోపల ఏముందో ఆమెకు తెలియదు, తెలియాలని ఎవరూ అనుకోలేదు. మనిషికి ఒక్క ముక్క నేర్పి, ఆ ముక్కనే రాత్రంతా చేయించుకోవడం ఆ షెడ్డు పద్ధతి. ఇన్ని ఏసీలు పుట్టే ఆ షెడ్డులో ఏసీ ఉన్నది మేనేజరు గదికే. లైను మీద ఆడవాళ్లకు ఫ్యాన్లు, అవీ చెమట ఆరేంత దగ్గరగా ఉండవు.

మే నెలలో కత్తిరి ఎండలు మొదలైన మూడోనాడు, బుధవారం, ఇంట్లో ఏసీ చల్లబరచడం మానేసింది. గాలి వస్తోంది గానీ, అది పొయ్యి ముందు కూర్చుంటే తగిలే గాలి.

గంగులమ్మ ముందుగా పరువు సంగతి చూసుకుంది. గది తలుపు మూసే ఉంచింది. వీధిలోకి వచ్చినప్పుడల్లా, లోపలి చలికి తట్టుకోలేకపోతున్నట్టు ఒళ్లంతా దుప్పటి కప్పుకుని వచ్చింది. నలభై నాలుగు డిగ్రీల ఎండలో ఆ దుప్పటి రెండు రోజులు నడిచింది. శుక్రవారం ఎదురింటి ముసలి నేతగాడు గంగులప్ప అరుగు మీద నుంచే అడిగాడు.

"ఏం గంగులమ్మా, అంత సలిలో నీకా చెమట యాడిది?"

దాంతో గుట్టు రట్టయింది. ఏసీలు చేసే కోడలు ఇంట్లో ఉండగా ఈ అవస్థ ఏమిటని వచ్చినవాళ్లందరూ అడిగారు. గంగులమ్మ కూడా అదే అడిగింది. చంద్రమౌళి నోరు తెరిచి అడగలేదు గానీ, స్క్రూడ్రైవరు తెచ్చి పెళ్లాం దిండు పక్కన పెట్టాడు.

భువనేశ్వరి అప్పటికే కస్టమర్ కేర్‌కు ఫోన్లు చేసి చేసి అలిసింది. అవతలి పిల్ల ప్రతిసారీ, స్విచ్చు వేశారో లేదో చూడండి మేడమ్ అని మొదలుపెట్టి, నలభై ఎనిమిది గంటల్లో మనిషి వస్తాడని ముగించింది. మనిషి రాలేదు గానీ, మీ సమస్య తీరింది, ధన్యవాదాలు అని మెసేజ్ వచ్చింది. ఆ పిల్లకూ చెప్పడానికి ఒక్క ముక్కే ఇచ్చారు కాబోలు. కంపెనీలో అడిగితే, తయారీ వేరు, రిపేరు వేరు అన్నారు.

ఏసీ లేకపోతే చచ్చిపోరు, నిజమే. భువనేశ్వరికి పోయేది నిద్ర. కాంక్రీటు కప్పు కింద తడిగుడ్డ పరుచుకుని పడుకున్నా మూడు పగళ్లు కలిపి నాలుగు గంటలు కూడా కన్ను మూతపడలేదు. శుక్రవారం షిఫ్టులో నిలబడే తూగింది. మూడు డబ్బాలు స్క్రూలు లేకుండా ఆమెను దాటిపోయాయి. ఆమెను పనిలో పెట్టిన కాంట్రాక్టరు పిలిచి, సోమవారం షిఫ్టులో మళ్లీ తూగితే మంగళవారం బస్సెక్కే పని లేదన్నాడు. ఆ మాట ఆయన మేనేజరు ఏసీ గదిలో కూర్చునే అన్నాడు.

శనివారం పొద్దున తిరుగు బస్సులో ఈ కథంతా లైను స్నేహితులు ముగ్గురికీ చెప్పుకుంది. వనజాక్షి పెద్దది, కంప్రెసర్‌ను లేపే కెపాసిటర్‌ను డబ్బాలో పెడుతుంది. రూపశ్రీ వైర్లు కలుపుతుంది. గుల్నాజ్‌ది ఆఖరి చోటు, డబ్బాను నడిపించి చెవి పెట్టి వింటుంది. ఆమే అడిగింది, బయటి డబ్బా మోగుతోందా అని.

"ఏమో, నేను ఇనలేదు."

"మూడేండ్లుగా మూతలు బిగిస్తా ఉండావు, దాని మోత ఎట్లుంటాదో తెలీదా?"

"నా కాడికి వచ్చినప్పుడు అది మోగదు గదా గుల్నాజ్."

వనజాక్షి, ఈ రాత్రీ రేపు రాత్రీ సెలవే కదా, రేపు నలుగురం పోయి చూద్దాం అంది.

ఆదివారం తొమ్మిదికే నలుగురూ మిద్దె ఎక్కారు. ఎవరూ చెప్పకుండానే లైనులో నిలబడే వరసలోనే నిలబడ్డారు: వనజాక్షి, రూపశ్రీ, భువనేశ్వరి, గుల్నాజ్. చిక్కు అప్పుడు తెలిసింది. వాళ్లకు పెట్టడమే వచ్చు, తియ్యడం రాదు. భువనేశ్వరి మూడేళ్లలో ఒక్క స్క్రూ కూడా విప్పి ఎరగదు. అలవాటు కొద్దీ తిప్పింది. అది ఇంకా బిగుసుకుంది. చుట్టుపక్కల మిద్దెల మీద జనం నవ్వారు.

"లైను ఎనక్కి నడుపుదాం," అంది గుల్నాజ్. "నేను మొదులు."

ఏసీ వేయించి డబ్బాకు చెవి ఆనించింది. చెవి కాలింది, అయినా తియ్యలేదు. ఫ్యాను తిరుగుతోంది, కంప్రెసర్ మాత్రం లేవలేక మూలుగుతోందని చెప్పింది. మెయిన్ ఆపారు. భువనేశ్వరి పదకొండు స్క్రూలూ, ఒక్కొక్కటి లెక్కపెడుతూ, చెయ్యి చెప్పినదానికి ఎదురు తిప్పి ఊడదీసింది. రేకు కాలుతోందని గంగులప్పే గొడుగు తెచ్చి పట్టాడు, నోరు మాత్రం ఆపలేదు. రూపశ్రీ వైర్ల వైపు చూడకుండానే ఏది ఎక్కడిదో చెప్పింది. వనజాక్షి లోపలికి తొంగిచూసి నవ్వేసింది.

"రాత్రికి నాలుగొందలు పెడతాను. అన్నీ చదునుగా ఉంటాయి. ఇది సూడు, పూరీ మాదిరి పొంగింది."

మెయిన్ ఆపినా దాంట్లో కరెంటు దాగి ఉంటుందని, స్క్రూడ్రైవరుతో దాన్ని దించి మరీ కెపాసిటర్ బయటికి తీసింది. చంద్రమౌళి దాన్ని చేత పట్టుకుని బండి మీద పోయి, మూసిన షాపు తెరిపించి, అట్లాంటిదే కొత్తది తెచ్చాడు. ఇక లైను ముందుకు నడిచింది. అది వాళ్లకు కొట్టినపిండి. వనజాక్షి పెట్టింది, రూపశ్రీ కలిపింది, భువనేశ్వరి బిగించింది. పది నిమిషాలు పట్టలేదు. గుల్నాజ్ చెవి పెట్టి కాసేపు విని, పాస్ అంది. రాత్రుళ్లు కంపెనీలో అన్నట్టే, ముఖంలో ఏ భావమూ లేకుండా.

చల్లబడుతోందో లేదో చూద్దామని నలుగురూ గదిలోకి పోయారు. చూడటానికి చాప మీద కూర్చున్నారు. కూర్చున్నవాళ్లు ఒరిగారు.

గంగులమ్మ సంగటి కెలికి, కోడికూర దించి, పిలవడానికి పోయి తలుపు సందులోంచి చూసింది. వరస తప్పకుండా పడుకుని ఉన్నారు. గుల్నాజ్ చెయ్యి భువనేశ్వరి మీద, భువనేశ్వరి నోరు తెరుచుకుని. తలుపు చప్పుడు కాకుండా దగ్గరికి వేసి, గడప ముందు పీట వేసుకుని కూర్చుంది.

కాసేపటికి రిపేర్లు పట్టుకుని వీధిలో సగం మంది వచ్చారు. ఒకరిది ఫ్రిజ్జు, ఒకరిది మిక్సీ, గంగులప్పది ఎప్పుడో ఆగిపోయిన టేబుల్ ఫ్యాను. ఆడపిల్లలు పట్టపగలు ఇంకా పడుకునే ఉన్నారా అని ఒకామె మూతి విరిచింది.

"ఊరంతా పండుకున్నప్పుడు మేల్కొని ఉండేటోళ్లు మా వాళ్లు," అంది గంగులమ్మ గొంతు తగ్గించి. "రేపు సాయంత్రం బస్సు. అంతదాకా ఈ ఇంట్లో ఎవురూ లేరు, పోండి."