బీబమ్మ గిన్నె మీది రాత

దెయ్యాలనీ మంత్రాలనీ నేనెప్పుడూ నమ్మలేదు. కంచరివాణ్ణి. లోహం కాలిస్తే కరుగుతుంది, కొడితే సాగుతుంది. అంతకుమించి అందులో ఏమీ ఉండదనుకునేవాణ్ణి.

టెక్కలిలో మా వీధి చివర బీబమ్మ అనే ముసలామె ఉండేది. ఆమె దగ్గర ఇత్తడి గిన్నె ఒకటి. ఎన్నో తరాల కిందట అరబ్బు దేశం నుంచి ఓడలో బారువ రేవుకు వచ్చిందట. లోపలా బయటా అరబ్బీ రాత చెక్కి, ఆ గీతల్లో వెండి తీగ పొదిగారు. కాన్పు కష్టమైతే అందులో నీళ్లు పోసి తాగించేది. ఏ కులంవాళ్లు పిలిచినా వెళ్లేది.

ఒకసారి అంచు చిట్లిందని బాగుచేయడానికి నాకిచ్చింది. ఆ వారమే క్యాంపుకు వచ్చిన ఒక దొర దాన్ని నా కొట్లో చూశాడు. ఇలాంటిది నువ్వు చేయగలవా అని దుబాసీ చేత అడిగించాడు. నాకు పౌరుషం వచ్చింది. ఒక్క అక్షరం తెలియకపోయినా ఇరవై రోజులు కూర్చుని గీతకు గీత దించాను. పక్కపక్కన పెడితే దొర పోల్చుకోలేకపోయాడు. మెచ్చుకుని, అసలుది తనకు కావాలన్నాడు. నేను కాదనలేదు. అసలు గిన్నెతో అతను నౌపడలో రైలెక్కాడు.

నకలు బీబమ్మకిచ్చాను. కళ్లకద్దుకుని పట్టుకుపోయింది.

ఆ ఏడే నా భార్య పైడమ్మకు నొప్పులొచ్చాయి. రెండో రోజు మధ్యాహ్నానికి మంత్రసాని చేతులెత్తేసింది. ఎవరూ పిలవకుండానే బీబమ్మ గిన్నెతో వచ్చింది. నేను గడప దగ్గరే ఉన్నాను. అది నకలని చెప్పాల్సింది. చెప్పలేదు.

పైడమ్మ రెండు గుక్కలు తాగింది. తర్వాత గిన్నె అంచు మీద వేలు పెట్టి చదవడం మొదలుపెట్టింది. తెలుగు అక్షరాలే రాని మనిషి. ఆమె చదివింది తెలుగు కాదు.

"మా తాత సదివినట్టే సదువుతంది," అంది బీబమ్మ.

ఒకచోట పైడమ్మ వేలు ఆగింది. మళ్లీ మొదటి నుంచి చదివింది. మళ్లీ అక్కడే ఆగి నావైపు చూసింది.

"ఇక్కడ మాట తెగిపోనాది మావా."

నకలు చెక్కేటప్పుడు సరిగ్గా అక్కడే నా ఉలి జారింది. వెండి పూసి కప్పేశాను. ఆ సంగతి ఇంకెవరికీ తెలియదు.

పొద్దు గూకకముందే పైడమ్మ పోయింది, కడుపులో బిడ్డతో సహా.

"నా గిన్నె ఏటి సేసినావు నాయినా?" అని బీబమ్మ అడిగింది. అప్పుడు చెప్పాను. తిట్టలేదు. నకలు గిన్నె నా ముందు పెట్టి వెళ్లిపోయింది. ఆ తర్వాత ఎవరి కాన్పుకూ ఆమె వెళ్లలేదు.

తర్వాత ఆసుపత్రి డాక్టరుకు చెబితే, నొప్పుల జ్వరంలో ఏదో పలవరించి ఉంటుందన్నాడు. కావచ్చు. కానీ నా ఉలి జారిన చోటు ఆ వేలికెలా తెలిసిందో నాకు ఇప్పటికీ అంతుపట్టలేదు.

అసలు గిన్నె ఉంటే ఆమె బతికేదంటే మాత్రం నమ్మను. నమ్మితే ఈ చేత్తో అన్నం తినలేను.