నుదుటి మీద రెండు స్టిక్కర్లు

రెండేళ్ల క్రితం మాట. సికింద్రాబాద్‌లో ఒక ప్రైవేటు ఆసుపత్రి గుండె ఆపరేషన్ల థియేటర్లో నేను పెర్‌ఫ్యూజనిస్ట్‌ని. గుండె ఆగి ఉన్నంతసేపూ రోగి రక్తాన్ని బయటికి తీసి, ఆక్సిజన్ కలిపి, తిరిగి ఒంట్లోకి పంపే హార్ట్-లంగ్ మెషీన్ నాది. ఇరవై రెండేళ్లుగా ఏ సర్జనైనా ముందు నా ముఖమే చూసేవాడు.

అలాంటి చోటికి సెరిబ్రల్ ఆక్సీమీటర్ వచ్చింది. నుదుటికి చెరోవైపు ఒక స్టిక్కర్ అతికిస్తే చాలు. సూది లేదు, కోత లేదు. లోపలికి కాంతి పంపి మెదడులో ఆక్సిజన్ ఎంతుందో అంకె చూపిస్తుంది. అది రూతు చూసుకునేది. మల్కాజ్‌గిరి నుంచి వచ్చే అనస్థీషియా టెక్నీషియన్, చేరి ఏడాది కూడా కాలేదు. ఇక సర్జన్ గారికి "రూతూ, ఎంతుందమ్మా?" అనడమే పని. నాకు ఒళ్లు మండిపోయేది. దాచడమెందుకు, అది అసూయే.

ఆ రోజు మౌలాలి మల్లమ్మకు వాల్వు మారుస్తున్నారు. ఆమె నుదుటి నడుమ పాతకాలపు పెద్ద పచ్చబొట్టు. ఆ రంగు మీద స్టిక్కర్ పడితే అంకె తప్పు రావచ్చు.

గుండె ఆపిన కాసేపటికి, ఒంట్లోంచి వచ్చే రక్తం నిలిచే నా డబ్బాలో మట్టం దిగింది. వెంటనే చెప్పాలి. రూతు ముందు నా మెషీన్‌కు వంక రావడం ఇష్టం లేక, సెలైన్ కలిపి ఊరుకున్నాను.

"సార్, అరవై ఆరు ఉండేది, యాభైకి వచ్చింది. రెండు వైపులా," అంది రూతు.

"యాదగిరీ, నీ దిక్కు ఏమన్న తేడా ఉందా?" అన్నారు సర్జన్ గారు నా వైపు చూసి.

"నాదంతా బరాబర్ ఉంది సార్. పచ్చబొట్టు మీద అతికించి ఉంటది. జెర మంచిగ చూసుకోమనుండ్రి."

రూతు తగ్గలేదు. "బొట్టు తప్పించే పెట్టాను సార్. అరవై ఆరు చూపించింది కూడా అక్కడే. ఇప్పుడు నలభై నాలుగు."

డబ్బా చూశాను. మట్టం మళ్లీ దిగింది. ఇటు మట్టం, అటు అంకె రెండూ దిగుతున్నాయంటే తలలోంచి రక్తం వెనక్కి రావట్లేదు!

"సార్, వెనక్కొచ్చే రక్తం తగ్గింది. ఇందాకనే తగ్గింది, నేనే చెప్పలే. పైన పైపు చూడుండ్రి."

గుండెను పక్కకు లాగి పట్టినప్పుడు, తలలోంచి రక్తం తెచ్చే ఆ పైపు వంగిపోయి ఉంది. సర్జన్ గారు సరిచేయగానే అంకె ఎక్కసాగింది. "శభాష్ రూతూ," అన్నారాయన. అంత భయంలోనూ ఆ మాట నాకు గుచ్చుకుంది.

మర్నాడు మధ్యాహ్నం ఐసీయూకి వెళ్లాను. మల్లమ్మ కాళ్లూ చేతులూ బాగానే కదుపుతోంది. పక్కనే ఉన్న రూతు చెయ్యి పట్టుకుని వదలడం లేదు.

"ఈ బిడ్డ నిన్న పొద్దుగాల నా పచ్చబొట్టు తడిమి, ఏడిదాంక ఉందమ్మా అని అడిగింది," అని నా వైపు తిరిగింది. "నువ్వెవరు సారూ?"

నిన్న నీ ఒంట్లో రక్తం నడిపింది నేనే అనే మాట నోటిదాకా వచ్చింది. నేను దాచింది గుర్తొచ్చి మింగేశాను. ఇన్నేళ్లలో మెలకువగా ఉన్న రోగిని ఒక్కసారైనా పలకరించలేదని కూడా అప్పుడే తెలిసింది.

ఇప్పుడు ఆపరేషన్‌కు ముందురోజే వెళ్లి నా పేరు చెప్పుకుంటాను. మట్టం వేలెడు దిగినా గట్టిగా చెబుతాను. "రూతూ, ఎంతుందమ్మా?" అన్నప్పుడల్లా ఇంకా మండుతుంది. కానీ ఆమె చెప్పే అంకె కోసం ఇప్పుడు సర్జన్ గారికంటే ముందు నేనే చెవి పెడతాను.