బూరె పడని విస్తరి

నా చిన్నప్పుడు, మా నాయనమ్మ సంవత్సరీకం నాటి మధ్యాహ్నం, పందిట్లో బంతి నిండా జనం విస్తళ్ల ముందు కూర్చుని ఉండగా మా తాత ముద్ద ఎత్తలేదు. పప్పులో పోసిన నెయ్యి పేరుకుంటోంది. పిల్లలం పెద్దల వంక, పెద్దలు ఒకరి వంక ఒకరు చూసుకుంటున్నాం. ఆయన మాత్రం రెండు చేతులూ మోకాళ్ల మీద పెట్టుకుని, ఎదుటి వరుసలో నా పక్కనున్న విస్తరి వైపే చూస్తున్నాడు. ఆ విస్తరి మా చిన్నత్తది. అందులో అన్నం ఉంది, పప్పు ఉంది, గారె ఉంది. బూరె లేదు.

మా ఇళ్లలో ఒక పద్ధతి ఉండేది. బంతిలో అందరికన్నా పెద్దవారు మొదటి ముద్ద నోట పెట్టుకున్నాకే మిగతావాళ్లు అన్నం కలిపేవారు. పిల్లలం ఎంత ఆకలితో ఉన్నా తాత చేయి కదిలేదాకా ఆగాల్సిందే. ఆ రోజు ఆ చేయి కదల్లేదు. ఎందుకు కదల్లేదో చెప్పాలంటే ఏడాది వెనక్కి వెళ్లాలి.

అవి డెబ్బైల తొలి సంవత్సరాలు. చందానగర్ అప్పటికి బొంబాయి రోడ్డు పక్కన ఒక చిన్న ఊరు. ఊరి వెనక మా తాతకు ద్రాక్షతోట ఉండేది. తోట దాటితే బండరాళ్లు, సీతాఫలం పొదలు తప్ప మరేమీ ఉండేవి కావు. మా నాన్నకు చిన్న చెల్లెలైన మా చిన్నత్త ఆ తోటలోనే పెరిగింది. కోతల కాలంలో పందిరి కింద ఆమె కత్తెర ఆడినంత వేగంగా ఎవరి కత్తెరా ఆడేది కాదు. కోస్తూ కోస్తూ కూలీలతో పరాచికాలాడేది. నన్ను వీపున ఎక్కించుకుని లింగంపల్లి స్టేషన్ దాకా తీసుకెళ్లి రైలు చూపించేది. పటాన్‌చెరులో ఆమెను ఇచ్చాం. భర్త ఫ్యాక్టరీలో ఫిట్టరు. మాట తక్కువ, మనసు మంచిది.

మా నాయనమ్మ మంచం పట్టినప్పుడు చిన్నత్తే వచ్చి చేసింది. నెలల తరబడి ఆమె నిద్ర కోడికునుకే. నాయనమ్మ పోయిన రోజు ఇల్లంతా గోడుగోడున ఏడిస్తే చిన్నత్త ఏడవలేదు. వచ్చినవాళ్లకు నీళ్లిచ్చింది, చాపలు పరిచింది. దినకర్మ అయిపోయాక పడుకుంది. అలా పడుకున్న మనిషి నెలలు గడిచినా సరిగా లేవలేదు. పగలు నిద్ర, స్నానం ఎవరో ఒకరు గుర్తు చేస్తే. తల దువ్వుకోవడం కూడా పెద్ద పని అయిపోయింది.

ఆమె తినడం నేను దగ్గర నుంచి చూశాను. పొయ్యి పక్కన నిలబడి, కుండలోని చద్దన్నం కూర లేకుండా, ఉప్పు లేకుండా తినేది. చేయి దాని మానాన అది ఆడేది. కళ్లు గోడ మీద ఉండేవి. ఆ తినడంలో ఆకలీ లేదు, రుచీ లేదు. నాకు తొమ్మిదేళ్లు ఉంటాయేమో. అది తిండి కాదని మాత్రం నాకు తెలిసింది. మరి ఏమిటో తెలియలేదు.

ఆమె ఒళ్లు పెరిగింది. రవికెలు పట్టలేదు, గాజులు సబ్బు నురగతో కూడా దిగలేదు. బజారుకు వెళితే జనం చూస్తున్నారని బజారు మానేసింది. కూలీలు ఏమంటారోనని తోట మానేసింది. మానేసిన కొద్దీ ఇంట్లో పడుకోవడం ఎక్కువైంది. పడుకున్న కొద్దీ ఒళ్లు పెరిగింది. ఈ చక్రం మా కళ్లముందే తిరుగుతున్నా మాలో ఎవరికీ కనబడలేదు. ఎందుకంటే మా ఊళ్లో అందరికీ తెలిసిన సంగతి ఒకటే: దుఃఖంలో ఉన్న మనిషి చిక్కిపోతుంది. చిక్కకపోతే అది దుఃఖం కాదు, సుఖం. తల్లి పోతే కూతురు లావెక్కడమా అని చెవులు కొరుక్కునేవారు.

నాయనమ్మ పోయాక వంటిల్లు చూసుకున్నది మా తాత చెల్లెలు. మేము లింగంపల్లి అవ్వ అనేవాళ్లం. ఆమె చెడ్డ మనిషి కాదు. తిండి కట్టడి చేస్తే పిల్ల మామూలు మనిషవుతుందని నిజంగానే నమ్మింది. బెల్లం, నెయ్యి ఉన్న గూటికి తాళం వేసి, తాళంచెవి బొడ్లో దోపుకుంది. చిన్నత్త అత్తగారైతే ఇంకో అడుగు ముందుకు వేసింది. ఒళ్లు తగ్గినాకే కోడల్ని తీసుకుపోతామని కబురు పంపింది. అల్లుడు ఆదివారాలు వచ్చి అరుగు మీద కూర్చుని వెళ్లిపోయేవాడు. చిన్నత్త కాపురం అలా ఆమె నడుము కొలతకు వేలాడింది.

ఇక ఆ మధ్యాహ్నానికి వస్తాను. చనిపోయినామె కూతుళ్లకు మొదటి బంతిలో చోటు. మా చిన్నాయన బూరెలు వడ్డిస్తూ వచ్చి చిన్నత్త దగ్గర ఆగాడు. అవ్వ కంటితోనే వద్దంది. ఆయన దాటి నా విస్తట్లో వేశాడు. ఎవరూ చూడలేదనుకున్నారు. తాత చూశాడు.

"బిడ్డ ఇస్తరిల బూరె పడలే" అన్నాడు.

"నేనే వద్దన్న అన్నా. జర ఒళ్లు తగ్గనీ. నువ్వు మొదలువెట్టు, అందరు ఆకలితోని ఉన్నరు" అంది అవ్వ.

అప్పుడు చిన్నత్త అత్తగారు, పక్కనున్నామెతో చెప్పినట్టే చెప్పి అందరికీ వినబడేలా అంది: "తల్లి పోతే ఎవరన్న చిక్కిపోతరు. మా కోడలికి దుఃఖం గూడ మంచిగ ఒంటికి పట్టింది."

బంతిలో నవ్వులు లేచాయి. చిన్నత్త తల విస్తట్లోకి వంగిపోయింది.

తాత నవ్వులు ఆగనిచ్చి చిన్నత్త అత్తగారి వైపు తిరిగాడు. గొంతు పెంచలేదు. "నిజమే చెల్లె. ఒంటికే పట్టింది. మనమందరం ఏడ్చినం, తేలికైనం. నా బిడ్డ ఏడ్వలే. గా దుఃఖం ఎటు పోతది? ఒంట్లనే ఉన్నది" అన్నాడు. మళ్లీ ఆమెతోనే, "ఒళ్లు తగ్గినంక తోలుకపోతమన్నవు గదా. తగ్గకపోతే గూడ ఇది నా బిడ్డనే. ఈ ఇంట్ల దీని ఇస్తరి ఇట్లనే ఉంటది. బూరె పెట్టుండ్రి. పెట్టేదాక నేను ముద్ద ముట్ట" అన్నాడు.

అల్లుడు తల దించుకున్నాడు. చివరికి వరుస కొసన ఉన్న ఒక ముసలాయన, "పెట్టనియ్యరాదా అవ్వా, పప్పు సల్లారుతున్నది" అన్నాడు. మా చిన్నాయన వెనక్కి వచ్చి చిన్నత్త విస్తట్లో బూరె వేశాడు. తాత ముద్ద ఎత్తాడు. చిన్నత్త బూరెను రెండు చేసి, ఒక సగం నోట్లో పెట్టుకుని, రెండోది ఎవరూ చూడకుండా నా విస్తట్లోకి జరిపింది. తల ఎత్తలేదు.

తోట కోతలు కాగానే తాత ఆమెను నగరంలోని పెద్ద దవాఖానకు తీసుకెళ్లాడు. తిండి ఎక్కువైనోళ్లకు దవాఖాన ఏందని అవ్వ సణిగింది. డాక్టరు చెప్పింది తాత ఇంటికొచ్చి మాకు వివరించాడు. దిగులు ఒక జబ్బట. అది వస్తే కొందరికి అన్నం సహించదు, కొందరు అన్నాన్నే పట్టుకుంటారు. ఒళ్లు పెరిగిందన్న సిగ్గు మళ్లీ దిగులును పెంచుతుంది. మాత్రలున్నాయి కానీ వాటితో కొందరికి బరువు ఇంకా పెరగవచ్చు. అల్లుడు మొదటిసారి నోరు విప్పి, "మరి ఎట్ల మామా?" అని అడిగాడు. "లావున్నా మంచిదే, నా బిడ్డ నవ్వాలె" అన్నాడు తాత. అల్లుడు ఆ వారమే పటాన్‌చెరు వదిలి మా వీధిలోనే ఇల్లు కిరాయికి తీసుకున్నాడు. వాళ్లమ్మ చాలాకాలం గడప తొక్కలేదు. అతనూ బతిమాలలేదు.

చిన్నత్త నవ్వడానికి ఇంకో ఏడాది పట్టింది. తెల్లారే తాత వెంట తోటకు వెళ్లడం మొదలుపెట్టింది. మొదట గట్టు మీద కూర్చునేది. తర్వాత కత్తెర పట్టింది. సన్నబడిందా అని అడుగుతారు. కొంత తగ్గింది, మళ్లీ వచ్చింది. డెబ్బై ఏళ్లు దాటేదాకా లావుగానే బతికింది. నాలుగైదేళ్లకోసారి దిగులు తిరిగి వచ్చేది. దాన్ని ఆమె ముందుగా కనిపెట్టేది. "రవికె బిగుతైతే మీరు తిండి చూస్తరు. నేను నిద్ర చూసుకుంట" అనేది. నిద్ర అదుపు తప్పినట్టు తెలిస్తే ఎవరూ చెప్పకుండానే దవాఖానకు బయలుదేరేది.

ద్రాక్షతోట ఉన్నచోట ఇప్పుడు అపార్టుమెంట్లు. అందులో ఒక ఫ్లాటులో నేనుంటాను. ఉద్యోగాలకు వెళ్లే ఆడపిల్లలు లిఫ్టులో కలుస్తారు. "ఏంది, ఒళ్లు చేసినవ్" అన్నది ఇప్పటికీ మనవాళ్లకు పలకరింపే. నా ఎదుట ఎవరైనా ఆ మాట అంటే ఊరుకోను, వయసుకు పెద్దవాళ్లయినా సరే. ఆ పిల్లను నిద్ర పడుతోందా, బాగున్నావా అని అడుగుతాను. కొందరు నన్ను చాదస్తపు మనిషి కింద జమకట్టారు. జమకట్టనివ్వండి. ఇప్పటి విందుల్లో బంతులు లేవు, ఎవరి పళ్లెం వారు పట్టుకుని తిరుగుతారు, ఎవరి ముద్ద కోసమూ ఎవరూ ఆగరు. నేను ఆగుతాను. అందరి పళ్లాలూ చూసుకున్నాకే నా చేయి కదులుతుంది.

దిగులు వల్ల ఒళ్లు పెరిగిందా, ఒళ్లు పెరిగి దిగులు ముదిరిందా అన్నది చిన్నత్త విషయంలో ఏ డాక్టరూ తేల్చలేదు. తేలనిది ఇంకొకటి కూడా ఉంది. అవ్వ వద్దంది, తాత పెట్టమన్నాడు, చిన్నాయన పెట్టాడు. ఆ బూరె తినాలని ఆమెకు ఉందో లేదో ఆ రోజు పందిట్లో ఎవరూ ఆమెను అడగలేదు. తర్వాతైనా అడుగుదామనుకుంటూనే ఉన్నాను. ఆమె వెళ్లిపోయింది.