వదిన ఇవ్వని నీళ్లు

మొన్న ప్రొద్దుటూరు ఆసుపత్రిలో ఒక బంధువును చూడబోతూ నా భార్య చీనీకాయలు, అదే బత్తాయిలు, బేరమాడుతుంటే, ఆయన జబ్బేమిటో కూడా కనుక్కోకుండా నేను వద్దన్నాను. మన తరంలో రోగి దగ్గరికి చీనీకాయలు లేకుండా పోవడం మర్యాద కాదు కదా, ఆమె వింతగా చూసింది.

జమ్మలమడుగులో ఉండే మా అన్నకు చక్కెర జబ్బు ముదిరి మూత్రపిండాలు రెండూ పాడయ్యాయి. అవి రక్తాన్ని వడగట్టడం మానేశాక ఆ పని ప్రొద్దుటూరులో డయాలసిస్ యంత్రం చేసేది. మళ్లీ యంత్రం ఎక్కేదాకా తాగిన నీరంతా ఒంట్లోనే నిలిచి, కాళ్లు ఉబ్బి, ఊపిరి అందేది కాదు. అందుకే వదిన డాక్టరు చెప్పిన కొలతకు మించి ఒక్క గుక్క ఇచ్చేది కాదు. మా వైపు ఎండలు మీకు తెలిసినవే. నాలుక పిడచగట్టుకుపోతున్నా అన్న మాత్రం, "మైలవరం డ్యాం గేట్లన్నా ఎప్పుడో ఒకసారి ఎత్తుతారబ్బీ, మీ వదిన ఎత్తదు" అని నవ్వించేవాడు. చూడవచ్చిన మా మేనత్త నవ్వలేదు. "కట్టుకున్నోనికి గుక్కెడు నీళ్లు పొయ్యని ఆడది యాడన్నా ఉంటాదా?" అని వీధికంతా వినబడేలా అడిగింది. వదిన లోపల గిన్నెలు తోముకుంటూ ఉండిపోయింది.

పులివెందుల నుంచి మా మామగారు తోటలో కాసిన చీనీకాయలు పంపితే వదిన వాటిని ఇరుగుపొరుగుకు పంచేసింది. పండ్లలో పొటాషియం ఉంటుందనీ, దాన్ని బయటకు పంపలేని ఒంట్లో అది గుండెను ఆపేస్తుందనీ డాక్టరు చెప్పిన మాట నాకూ చెప్పింది. చలవచేసే పండు చంపుతుందా అనుకున్నాను. ఆమె కుళాయికి పోయినప్పుడు, నేను దాచిపెట్టుకున్న కాయలు పిండి గ్లాసు నిండా ఇచ్చాను. అన్న కళ్లు మూసుకుని తాగి, "సల్లంగుండు అబ్బీ" అన్నాడు. ఇంకొక గ్లాసు అడిగితే అదీ ఇచ్చాను.

తెల్లవారేసరికి అన్నకు కాళ్లూ చేతులూ పట్టు తప్పాయి. ప్రొద్దుటూరు చేరకముందే గుండె ఆగింది. అడుగున గింజలు మిగిలిన గ్లాసును వదిన చూసింది, కడిగి బోర్లించింది, నన్నొక్క మాట అనలేదు. నీళ్లియ్యక మొగుణ్ణి చంపుకుందని మేనత్త అంటే, నేనూ ఏమీ అనలేదు. వదిన ఆ మాట మోసుకునే ముద్దనూరులోని పుట్టింటికి పోయింది, పోయిన వేసవిలో అక్కడే కన్నుమూసింది.

ఇప్పుడు ఏ పండు తినకూడదో ఆసుపత్రి గోడల మీద బొమ్మలు వేసి మరీ చెబుతున్నారు. వదిన మీద పడ్డ మాట మాత్రం మా వాళ్లలో మారలేదు. ఆమె దినానికి అందరూ కూడినచోట జరిగింది జరిగినట్టు చెప్పాను. మా బావ నా భుజం తట్టి, "శానా మంచోడివప్పా, సచ్చిపోయినామె తప్పు నీ నెత్తికేసుకుంటాండావు" అన్నాడు. అందరూ అవునన్నారు.