పదిహేడో కుండీ తాగిన నీళ్లు

ఇరవై రెండేళ్లు చాకిరీ చేసిన చోట మొగులమ్మ పేరు ఒక్క కాగితం మీదా లేదు. హాజరు పుస్తకంలో ఆమె ‘ఆడకూలి–9’. ఆమె రోజూ కుండీలు మోసి పెట్టే కాంటా మీదైనా ఒక పేరు చెక్కి ఉండేది. ఎవరైనా అడిగితే, “పేరుతోని పిలిస్తే కుండీలు అల్కగైతయా?” అని నవ్వేసేది.

పటాన్‌చెరు ఫ్యాక్టరీల పొగ కాస్త పలచబడే చోట ఉండేది ఆ జొన్న పరిశోధన క్షేత్రం. మొగులమ్మది రుద్రారం. మొదటి బస్సుకే వచ్చేది. ఎనభై ఏడులో, కరువు మీద కరువు పడ్డ రోజుల్లో, అక్కడ ప్లాస్టిక్ కప్పు కింద నలభై కుండీల్లో నలభై రకాల జొన్న పెట్టి నీళ్లు బంద్ చేశారు. పొద్దున్నే ఒక్కో కుండీని ఆమె కాంటా ఎక్కించాలి, త్రినాథరావు సారు బరువు రాసుకోవాలి. ఎంత బరువు తగ్గితే మొక్క అన్ని నీళ్లు తాగినట్టు లెక్క.

సారుకు చెప్పడం ఇష్టం, మొగులమ్మకు వినడం ఇష్టం. ఆకు అడుగున కంటికి కనిపించని నోళ్లుంటాయట. ఒక్కో నోటికి రెండు కణాలు పెదాల్లా కాపలా. నేల ఎండగానే మొక్క లోపల ఒక కబురు పుడుతుంది: నోరు మూసుకో. పెదాల బిగువు తగ్గి నోరు మూతపడుతుంది. నీళ్లు మిగులుతాయి గానీ గాలి అందక తిండి తయారు కాదు. లేత కణాలు నీళ్లతో ఉబ్బితేనే సాగుతాయి కాబట్టి ఎదుగుదలా ఆగుతుంది. నోరు తెరిస్తే ఎదుగుతుంది, దాహంతో చస్తుంది.

“మా అత్త సుత గంతే సార్. నోరు మూస్తే ఇల్లు నిలవడ్తది. కని మూయదు” అంది మొగులమ్మ, కుండీ దించుతూ.

రెండు వారాలకు అన్ని మొక్కలూ వడలిపోతుంటే పదిహేడో కుండీ మాత్రం పెళ్లికొడుకులా ఎదిగింది. చిత్రం, బరువు తగ్గదు. తాగకుండా పెరిగే జొన్న! సారు కాలు నేల మీద నిలవలేదు. సోమవారాల్లో మాత్రం బరువు దభీమని పడిపోయేది. దానికి ‘సోమవారపు ప్రభావం’ అని పేరు పెట్టి మూడు పుటల వివరణ రాశాడు. వచ్చే వానాకాలం ఆ విత్తనం రుద్రారం మెట్ట చేలకు ఇస్తామన్నాడు. జాబితాలో మొదటి పేరు మొగులమ్మ బావ పెంటయ్యది. ఆయన చేనుకు బావి లేదు.

ఒక రోజు మధ్యాహ్నం అన్నం తిని, అలవాటుగా మొగులమ్మ పదిహేడో మొక్క ఆకుకు చెయ్యి ఆనించింది. జ్వరం చూసినట్టు ఆకుల్ని చూడడం ఆమెకు అలవాటు. నోరు మూసుకున్న ఆకు ఎండకు కాలుతుంది, నీళ్లు తాగి ఆవిరి వదిలే ఆకు చల్లగా ఉంటుంది. ఇది చల్లగా ఉంది. తాగనిది చల్లగా ఎట్లా ఉంటుంది? అప్పుడు తన తడిచేతిని చూసుకుంది.

తిన్న చెయ్యి వట్టి నేల మీద కడిగితే నీళ్ల ఉసురు తగులుతుందని, మొక్క మొదట్లోనే కడగాలని అత్త నేర్పింది. రోజూ పదిహేడో కుండీ పక్కనే కూర్చుని తినేది. చెయ్యీ, సద్దిగిన్నే అందులోనే కడిగేది. ఆదివారం సెలవు.

ఆ నెలలోనే పర్మినెంటు చేసేవాళ్ల జాబితా రావాలి. తొమ్మిదేళ్లుగా ఎదురుచూస్తోంది. నోరు మూసుకుంటే తను బతుకుతుంది, బావ చేను ఎండుతుంది. మొగులమ్మ నోరు తెరిచింది.

“సారూ, గది నా ఎంగిలి నీళ్లు తాగి పెరిగింది.”

త్రినాథరావు బరువుల పుస్తకం తిరగేశాడు. “మరి సోమవారం?”

“ఐతారం నేను రాను గద సార్.”

ఆయన నెత్తి పట్టుకుని కూర్చున్నాడు. ఇంత చెప్పాక ఇంకొకటి చెబితే ఏం పోయిందనుకుందేమో, ఆయన్ని ఇరవై మూడో కుండీ దగ్గరికి తీసుకుపోయింది. పొట్టి మొక్క, ఎవరూ పట్టించుకోనిది. “గిది పొద్దుగాల సల్లగుంటది, ఎండ ముదిరితె ఎచ్చగైతది. సల్లపొద్దుకు నోరు తెరిసి జెర తింటది, పగటీలి మూస్తది. నిదానంగ పెరుగుతది గని సావది.”

సారు ఆ కుండీని పూటపూటకూ తూచాడు. ఆమె చేయి చెప్పిందే కాంటా చెప్పింది. మరుసటి వానాకాలం పెంటయ్య చేనులో ఆ రకమే వేశారు. మధ్యలో ఇరవై రోజులు వాన మొహం చాటేసినా కంకి పట్టింది. దాని మీద వచ్చిన వ్యాసంలో నలుగురు అధికారుల పేర్లున్నాయి. మొగులమ్మ ప్రస్తావన ఒక్కచోటే: ‘కూలి నిర్లక్ష్యం వల్ల పదిహేడో కుండీని తొలగించాం.’ పర్మినెంటు జాబితాలో తొమ్మిదో నంబరు లేదు. రెండువేల సంవత్సరంలో ఆమె పని మానేసిన రోజు కూడా హాజరు పుస్తకంలో ఆ అంకె పక్కనే వేలిముద్ర వేయించుకున్నారు.

మీ ఊరి పక్కన ఇలాంటి క్షేత్రం ఉంటే ఒకసారి వెళ్లండి. కుండీలు మోసేవాళ్లెవరో అడగండి. వాళ్ల పేర్లు హాజరు పుస్తకంలోనూ, వ్యాసాల్లోనూ రాయమని అధికారులకు ఒక ఉత్తరం రాయండి, పదిమంది చేత సంతకాలు పెట్టించండి. మొక్కలకు అక్కడ నోరు మూసుకునే తీరిక ఉంది. మనకు లేదు.