యజమాని గడిలో నేను చూసిన పేరు

నా గొంతులో కొన్నేళ్ళుగా ఒక అబద్ధం ఇరుక్కుని ఉంది. పెద్దదేం కాదు. రెండు మాటలు. వేదికలెక్కి గంటలకొద్దీ మాట్లాడినప్పుడూ అది అక్కడే ఉంది. మంచినీళ్ళు తాగితే దిగలేదు, గట్టిగా అరిస్తే బయటికి రాలేదు. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెబుతున్నాను. తెలిసినవాళ్ళకు చెప్పగలిగేవాణ్ణయితే ఎప్పుడో చెప్పేవాణ్ణి.

నేను హేతువాదిని. అమలాపురం చుట్టుపక్కల ఊళ్ళలో సభలు పెట్టి బాబాలను, తాయెత్తులను, ముహూర్తాలను ఉతికి ఆరేసినవాణ్ణి. కులం గురించి వ్యాసాలు రాశాను. ఎవరింట్లో పెడితే వాళ్ళింట్లో భోంచేసి, ఆ సంగతి నలుగురికీ చెప్పుకున్నాను. ‘నమ్మొద్దు, చూడండి’ అన్నది నా ప్రతి ఉపన్యాసానికీ మొదటి మాట, చివరి మాట కూడా. ఇప్పుడు ఆ మాట రాస్తుంటే చెయ్యి ఆగుతోంది.

మా వీధి అంతా గ్రామకంఠం. ఊరు కట్టినప్పుడు ఇళ్ళకోసం వదిలిన నేల. తాతలు కట్టుకున్నారు, మనుమలు ఉంటున్నారు, దస్తావేజు మాత్రం ఎవరి దగ్గరా లేదు. ఇంటి పన్ను రసీదే అందరికీ దస్తావేజు. చట్టం అలా అనదు. పన్ను కట్టినంత మాత్రాన ఇల్లు నీదైపోదు అంటుంది. కాని మా వీధిలో ట్రంకుపెట్టె అడుగున, పట్టుచీర కింద ఉండేది ఆ రసీదే.

ఆ రోజుల్లో రెండు కబుర్లు ఒకదాని వెంట ఒకటి వచ్చాయి. పన్ను వివరాలు ఫోనులో చూసుకోవచ్చన్నది మొదటిది. గ్రామకంఠంలో ఇళ్ళను కొలిచి, పన్ను రికార్డులో ఎవరి పేరుంటే ముందు వాళ్ళ పేరే రాసుకుంటారన్నది రెండోది. నాకు పండగే. ఆదివారం ఉదయాలు గ్రంథాలయం అరుగు మీద కూర్చుని జనానికి చూపించేవాణ్ణి. ఇదిగో ఇంటి నంబరు కొట్టండి. ఇది మీ ఇంటికి పన్ను వేసిన నంబరు. ఇక్కడ కొలత, ఇక్కడ కప్పు ఏ రకమో, ఇక్కడ బకాయి. అన్నిటికన్నా పైన యజమాని పేరు. ముందు అది చదవండి.

చూడటం మొదలుపెడితే ఎన్ని వింతలని! రొయ్యల చెరువుల మీద సంపాదించి రెండంతస్తుల మేడ కట్టినాయన ఇల్లు రికార్డులో ఇంకా తాటాకు కప్పుగానే ఉంది. జనం ముందే అడిగాను. ఆయన ఏమీ తొణకలేదు.

“ఆయ్, రికార్డు తప్పని మీరే అంటున్నారు కదండీ మాస్టారు. రికార్డుకి తగ్గట్టు మేడ మీద నాలుగు తాటాకులేసుకోమంటారేటండి?”

అరుగంతా నవ్వింది. నేను నవ్వలేదు. నవ్వడం నాకు చాతకాదు. ప్రతి గడిలోనూ ఒక దొంగ కనిపించేవాడు. ఇంటికొచ్చి కూడా ఊళ్ళోవాళ్ళ ఇళ్ళ నంబర్లు ఒక్కొక్కటే కొట్టి చూసేవాణ్ణి. అనుమానించడం తెలివి అనుకున్నాను. మొదట్లో అది తెలివే కావచ్చు. ఎక్కడ జబ్బుగా మారిందో నాకు తెలియలేదు.

ఆ జబ్బు మా పక్కింటి దాకా వచ్చింది.

పక్కింట్లో కరుణమ్మ గారుండేవారు. ప్రభుత్వాసుపత్రిలో నర్సుగా చేసి రిటైరయ్యారు. భర్త పోయారు, పిల్లల్లేరు. క్రైస్తవులు. ఆ ఇల్లు ఆవిడ మామగారిది. అన్నదమ్ములు పంచుకున్నప్పుడు పెద్దాయన ఉన్న కాస్త పొలం పుచ్చుకుని పి.గన్నవరం వైపు వెళ్ళిపోయారు. ఇల్లు తమ్ముడికి, అంటే కరుణమ్మ గారి భర్తకి, వదిలారు. ఆ పంపకం నోటిమాటే. నన్ను అన్నయ్యగారు అనేవారు, మా ఆవిడను వదినగారు అనేవారు. మా ఆవిడకు ఊళ్ళో ఉన్న ఒకే ఒక్క స్నేహితురాలు.

శుక్రవారం సాయంత్రాలు మా ఆవిడ తలంటుకుని, మంచి చీర కట్టుకుని పక్కింటికి వెళ్ళేది. ఎందుకని అడిగితే “ఊరికేనండి” అనేది. ఒకసారి కొంగు ముడిలో అగ్గిపెట్టె కనిపించింది. “స్టవ్వు లైటరు పాడైందట, ఆవిడ అడిగారు” అంది. ప్రతి శుక్రవారమూ పాడవుతుందా?

నాకున్న సాక్ష్యాలు మీరే చూడండి. శుక్రవారం. ఉపవాస ప్రార్థనల రోజు. అగ్గిపెట్టె. కొవ్వొత్తులకి. మూసిన తలుపు. అడిగితే తడబాటు. కోర్టుకైనా చాలు అనుకున్నాను. హేతువాది భార్య చాటుగా ప్రార్థనలకు వెళుతోందని రేపు అమలాపురంలో తెలిస్తే? నా శత్రువులు, బాబాల భక్తులు, పగలబడి నవ్వరూ? నా ఇంట్లోంచి నా భార్యను ఆ కరుణమ్మ మెల్లగా లాక్కుంటోంది. అవును, మనసులో ‘గారు’ పోయింది. ఇంకో మాట కూడా వచ్చింది. ‘వీళ్ళింతే’. వీళ్ళంటే ఎవరు? ఎవరి పక్షాన మాట్లాడుతున్నానని ఇన్నాళ్ళూ చెప్పుకున్నానో వాళ్ళే. ఆ మాట నాలోంచి వచ్చింది. ఇంకెవరూ చెప్పి అనిపించలేదు.

మా ఆవిడను సూటిగా అడగొచ్చు కదా? అడగలేదు. ఊరందరికీ చూడండి, అడగండి అని చెప్పేవాణ్ణి, నా ఇంట్లో మాత్రం ఊహించుకుంటూ కూర్చున్నాను.

అలాంటి రోజుల్లో ఒక మధ్యాహ్నం కరుణమ్మ గారు మా వరండాలోకి వచ్చారు. కళ్ళలో శుక్లాలు. అక్షరాలు ఆనడం లేదన్నారు.

“అన్నయ్యగారండీ, అందరివీ చూసేరంట. నాది కూడా ఓసారి చూసి పెడతారేంటండీ? కొలతలోళ్ళు వస్తారంటున్నారు.”

ఇంటి నంబరు అడిగి కొట్టాను. వివరాలు వచ్చాయి. కొలత సరిపోయింది. కప్పు పెంకు, నిజమే. బకాయి లేదు. యజమాని పేరు గడిలో ఆవిడ పేరు లేదు. భర్త పేరూ లేదు. పి.గన్నవరం వెళ్ళిపోయిన బావగారి పేరుంది.

ఎలా జరిగిందో నాకు వెంటనే అర్థమైంది. పాత పుస్తకంలో ఉన్న పేరునే కంప్యూటరులోకి ఎక్కించారు. పంపకం సంగతి పంచాయతీకి ఎవరూ చెప్పలేదు. రసీదులు మాత్రం, కడుతున్నది ఆవిడే కాబట్టి, ఆవిడ పేరునే రాసిస్తున్నారు. కట్టినవాళ్ళ పేరు రసీదులో ఉంటుంది, పన్ను ఎవరి మీద వేశారో ఆ పేరు రికార్డులో ఉంటుంది. రెండూ ఒకటే అని వీధంతా అనుకుంటుంది. కాదని తెలిసినవాణ్ణి ఆ వీధిలో నేనొక్కణ్ణే. ఒక్క దరఖాస్తు, ఇద్దరి సాక్ష్యం చాలు, అప్పుడే సరిదిద్దించవచ్చు. సాక్షి సంతకం నేనే పెట్టవచ్చు.

లోపల మా ఆవిడ గిన్నెలు కడుగుతున్న చప్పుడు వినిపిస్తోంది. ఆ రోజు శుక్రవారం.

నా బొటనవేలు వెళ్ళి ఆ పేరు మీద ఆగింది. ఆవిడకు ఎలాగూ కనబడదు. అయినా కప్పాను. ఎవరి నుంచి దాచాను? ఇన్నేళ్ళుగా ఆ వేలు నన్ను అడుగుతున్న ప్రశ్న ఇది.

“సరిగ్గానే ఉందండీ” అన్నాను.

“పేరు కూడానా అండీ?”

“సరిగ్గానే ఉంది.”

“అమ్మయ్య. ఆయ్, మీరు చూసేరంటే నేను చూసినట్టేనండి.”

ఆ మాటకైనా నేను ఉలిక్కిపడాలి. నమ్మొద్దని ఊరూరా అరిచినవాణ్ణి, నన్ను నమ్ముతున్న మనిషి ఎదురుగా కూర్చుంటే, మీరు చూడలేదు కదమ్మా అని ఒక్క మాట అనలేదు. పైగా ఎక్కడో లోపల చల్లగా అనిపించింది. చూద్దాం, ఈవిడ ప్రార్థనలు ఈ ఇంటిని ఎలా కాపాడతాయో, అనుకున్నాను. ఇది రాయకుండా వదిలేద్దామని రెండుసార్లు కలం ఎత్తాను. వదిలేస్తే మళ్ళీ అబద్ధమే అవుతుంది.

కొలతలవాళ్ళు వచ్చారు, వెళ్ళారు. అభ్యంతరాలుంటే చెప్పమని పంచాయతీ గోడకు జాబితా అంటించారు. ఆవిడ వెళ్ళలేదు. ఎందుకు వెళతారు? నేను చూశాను కదా. ఆ గోడ పక్కనుంచే సైకిల్ మీద పోయేవాణ్ణి. రేపు చెబుదాం అనుకునేవాణ్ణి. శుక్రవారం వచ్చేది, మా ఆవిడ తలంటుకునేది, నా నోరు మళ్ళీ మూసుకునేది. గడువు దాటిపోయింది. దాటిపోయినందుకు నాకు బాధ కలిగిందా, తేలికైందా? రెండూ. ఏది ఎక్కువో చెప్పలేను.

తర్వాత బావగారి కొడుకు వచ్చాడు. చేతిలో తండ్రి పేరున వచ్చిన ఇంటి కాగితం ఉంది. ఇల్లు అమ్మేస్తున్నామన్నాడు. కరుణమ్మ గారు రసీదుల కట్ట పట్టుకుని పంచాయతీకి పరిగెత్తారు. అవి కట్టినవాళ్ళ పేర్లమ్మా, రికార్డు వేరు అన్నారు. కోర్టుకు వెళ్ళమన్నారు కొందరు. “ఈ కళ్ళతోనా అండీ?” అన్నారావిడ.

ఇక్కడ నా తప్పు రెండో కాపు కాసింది. నేను చూసినప్పుడు పేరు సరిగ్గా ఉందని ఆవిడ వీధంతా చెప్పారు. అయితే తర్వాత మార్చిందెవరు? పంచాయతీ కార్యదర్శే, డబ్బు తిని మార్చేశాడు అన్నారు. టీ దుకాణం దగ్గర అన్నారు, అతని మొహం మీదే అన్నారు. మీరో వ్యాసం రాయండి మాస్టారూ అని నా దగ్గరికొచ్చారు. రాయలేదు. అతనిది తప్పు కాదనీ అనలేదు. ఆలోచిస్తున్నట్టు గడ్డం నిమురుకున్నాను. అతను మాటలు పడి పడి బదిలీ చేయించుకుని వెళ్ళిపోయాడు. చూశారా, పాపం పండింది అన్నారు జనం. నేను పక్కనే నిలబడి ఉన్నాను.

కరుణమ్మ గారు ముమ్మిడివరంలో చెల్లెలి ఇంటికి వెళ్ళిపోయిన రోజు ట్రాలీ ఆటోలో సామాను ఎక్కించాం. నేనూ ఒక చెయ్యి వేశాను. అప్పుడు మా ఆవిడ ఆ ఇంట్లోంచి తువ్వాలు చుట్టిన పలకలాంటిది పట్టుకుని మా ఇంట్లోకి పోబోయింది. ఆపాను.

“ఏంటది?”

తువ్వాలు తీసింది. లక్ష్మీదేవి పటం. నిండా కుంకుమ బొట్లు. చిన్న ఇత్తడి ప్రమిద.

“మా అమ్మ ఇచ్చింది. మనింట్లో చోటు లేదన్నారు కదా మీరు. కరుణమ్మ గారి అలమారలో పెట్టుకుని శుక్రవారం దీపం పెట్టుకుంటున్నాను.”

“ఆవిడ ఒప్పుకున్నారా?”

“ఎందుకు ఒప్పుకోరండీ? ఆవిడ దేవుడు ఆవిడకున్నాడు. ఈ పటాన్ని చూస్తే మీకు గాని ఆవిడకి భయమెందుకు?”

ఆటోలోంచి కరుణమ్మ గారు కేకేశారు. “వదినగారూ, మీ అగ్గిపెట్టె నా సంచీలోకొచ్చేసిందండీ!” నన్ను దగ్గరికి పిలిచి నా చేతిలో పెట్టారు. పెట్టి, గొంతు తగ్గించి అన్నారు. “అన్నయ్యగారండీ, అప్పుడు మీరు చూడబట్టి సరిపోయిందండీ. లేపోతే నేను చూసుకోలేదు, తప్పు నాదేనని జన్మంతా కుమిలిపోదును.”

ఆటో కదిలింది. అగ్గిపెట్టె నా గుప్పిట్లో ఉంది. నా అబద్ధమే ఆవిడకు మిగిలిన ఓదార్పు. నిజం చెబితే అదీ పోతుంది. ఇన్నేళ్ళూ నేను చెప్పకపోవడానికి ఈ కారణమే చెప్పుకున్నాను. ఇది దయా? పిరికితనం కట్టుకున్న మంచి చీరా? మొదట నేనూ దయే అనుకున్నాను. ఇప్పుడు దాన్నీ అనుమానిస్తున్నాను. చాలా ఏళ్ళ తర్వాత నా అనుమానం సరైన ఇంటి తలుపు తట్టింది.

ముమ్మిడివరం దూరమేమీ కాదు. ఒకసారి బస్సెక్కాను, కదలకముందే దిగిపోయాను. ఇంట్లో ఇప్పుడు ఆ పటం అలమార పై అరలో ఉంది. వద్దనే హక్కు నాకు పోయింది. శుక్రవారం మా ఆవిడ దీపం వెలిగిస్తుంది, నన్నేమీ అడగదు. ఆ రోజు వరండాలో మా మాటలు గిన్నెల చప్పుడులో ఆమెకు వినబడ్డాయో లేదో నాకు తెలియదు. అగ్గిపుల్ల గీసేముందు ఒక్కోసారి నావైపు చూస్తుంది. ఆ చూపు మామూలుదేనా?

ఆదివారాలు ఇప్పటికీ అరుగు మీద కూర్చుంటాను. ఫోను మాత్రం నా చేతిలో ఉంచుకోను. కళ్ళు ఆననివాళ్ళుంటే ఇంకొకరి చేత, ఆ తర్వాత మరొకరి చేత, యజమాని పేరు బయటికి చదివిస్తాను. మీరు చూస్తే చాలు మాస్టారూ అంటే కసురుతాను. ఎందుకంత కోపమని వెనక చెప్పుకుంటారు. చెప్పుకోనీ.

కరుణమ్మ గారి ఇల్లు తిరిగి రాదు. కొన్నవాళ్ళు పెంకు దింపి స్లాబు వేశారు. ఆ కార్యదర్శి పోగొట్టుకున్న పేరూ రాదు. నన్ను క్షమించమని ఎవరిని అడగను? దేవుణ్ణి అడిగే దారి నేనే మూసుకున్నాను. మిమ్మల్ని అడగడానికి మీదేం పోయింది గనక?

ఆ రోజు ఆ గడిలో ఆవిడ పేరు లేదు. చూశాను. చూసి, సరిగ్గానే ఉందన్నాను. ఎవరూ తర్వాత మార్చలేదు.

ఇదీ. గొంతు కొంచెం వదులైంది. కింద సంతకం పెట్టాలి. చాలాసేపటి నుంచీ ఆ చోటు వైపే చూస్తున్నాను. ఒకరి పేరు లేని సంగతి దాచినవాణ్ణి, నా పేరు రాయాల్సిన గడిని ఇంకా ఖాళీగానే ఉంచుతున్నాను. మీరు అది కూడా చూడండి.