ఒక సెంటు నీలం స్టాంపు

మా అన్న ధర్మవరంలో పట్టుచీరలు నేసేవాడు. నలభై ఏళ్ళు ఒకే గుంట మగ్గం మీద కూర్చున్నాడు. నేను ఆయనకంటే పన్నెండేళ్ళు చిన్న. నాయన పోయినప్పుడు నేను ఆరో తరగతి. నన్ను మగ్గం గుంటలోకి దిగనీయకుండా బడికి తోలింది అన్నే. అట్లా చదువుకుని కొత్తచెరువులో సోషల్ అయ్యవారినయ్యాను. ఉద్యోగం వచ్చినప్పటి నుంచి ఆదివారం బస్సెక్కి అన్న దగ్గరికి పోవడం నాకు అలవాటు.

నాలుగేళ్ళ కిందట ఆ ఇంట్లో మగ్గం చప్పుడు ఆగిపోయింది. మరమగ్గాల చీరలొచ్చి చేతిపనికి గిరాకీ పడిపోవడం మా వీధిలో అందరికీ జరిగిందే. కానీ అన్న నేసిన రెండు చీరలను అంచులో తప్పులు పడ్డాయని సావుకారి తిప్పి పంపాడని వదిన చెప్పినప్పుడు నేను నమ్మలేదు. చీరను వేలితో తడిమి పోగుల లెక్క చెప్పే మనిషి చేతిలో తప్పు పడటమేమిటి? ధర తగ్గించడానికి సావుకారి వేసిన ఎత్తు అనుకున్నాను. అన్న కూడా అట్లే అన్నాడు. ఆ తర్వాత సగం నేసిన చీరను మగ్గం మీదనే వదిలేసి అరుగు మీద కూర్చోవడం మొదలుపెట్టాడు. పొద్దున కూర్చుంటే మాపటికి లేచేవాడు. ఆరు నెలలు ఆయన నోట నిండుగా ఒక మాట వినలేదు. వదిన జీన్సు ప్యాంట్లు కుట్టే ఫ్యాక్టరీలో దారాలు కత్తిరించే పనికి చేరింది.

పాత కాగితాలు కొనే భాయ్ ఒకాయన అన్నకు చిన్ననాటి నేస్తుడు. గుత్తిలో ఏదో పాత బంగళా పడగొడుతుంటే అందులోని కాగితాల కట్టలన్నీ తూకానికి కొన్నాడంట. వాటిలో దొరికిన ఒక కవరు తెచ్చి అన్న చేతిలో పెట్టాడు. "అమెరికాదంటప్పా ఈ స్టాంపు. నీ తమ్ముడు సదువుకున్నోడు కదా, చూపీ" అన్నాడు. మనిషిని పలకరించడానికి ఆయనకు దొరికిన వంక అది. అంతకు మించి ఆయన మనసులో ఏమీ లేదు.

ఆ ఆదివారం అన్న ఆ కవరు నా ఒళ్ళో పెట్టాడు. పసుపు తిరిగిన కాగితం. మిగతా స్టాంపులు ఎవరో ఎప్పుడో పీకేసిన గుర్తులు, మిగిలింది ఒక్కటే. నీలం రంగు, ఒక సెంటుది. నడుమ పక్కకు తిరిగిన ఒక పెద్దాయన తల, దాని మీద నల్ల ముద్ర. జిగురు ఎండిపోయి ఒక మూల లేచి ఉంటే, పట్టుకోగానే ఊడి చేతిలోకి వచ్చింది. వెనక్కి తిప్పితే కాగితం మీద సన్నని నొక్కులు కనపడ్డాయి, చిన్న జాలీ ఒత్తినట్టు.

ఫోన్లో వెతికాను. దొరికింది దొరికినట్టు తెలుగులో చదివి చెప్పుకుంటూ పోయాను. ఆ కాలంలో అక్కడి జనం ముద్ర సిరా కడిగేసి అదే స్టాంపును మళ్ళీ అంటించేవాళ్ళంట. కడిగినా పోకుండా సిరా లోపలికి ఇంకడానికని, ముళ్ళున్న దిమ్మెతో స్టాంపులను నొక్కేవాళ్ళంట. దాన్ని గ్రిల్ అంటారు. ఆ నొక్కుల కొనలు నిలువు గీతల్లా ఉంటే మామూలు స్టాంపు. ఒకే ఒక రకంలో అవి అడ్డ గీతల్లా ఉంటాయి. ఆ రకం ఒక సెంటు నీలం స్టాంపులు లోకం మొత్తం మీద రెండే ఉన్నట్టు తెలుసు. ఒకటి వేలంలో పలికిన ధరను రూపాయల్లోకి మార్చి చూసుకుని, సున్నాలు తప్పు పెట్టానేమోనని మళ్ళీ మార్చాను.

"ఎంతరా?" అన్నాడు అన్న.

"కోట్లన్నా. పదుల కోట్లు."

"అడ్డమంటే పేక మాదిరి. నిలువంటే పడుగు మాదిరి. అంతేనా?"

"అంతే."

లోపలికి పోయి, పోగులు లెక్కపెట్టే చిన్న అద్దం తెచ్చుకున్నాడు. వాకిట్లో వెలుతురుకు పెట్టి చాలాసేపు చూశాడు. స్టాంపును కంటికి ఆనించుకున్నంత దగ్గరగా తెచ్చుకున్నాడు. వేలితో తడిమాడు. తర్వాత తలెత్తి అన్నాడు.

"అడ్డంగానే ఉండాయిరా. నువ్వు చూడు."

నేను అద్దం తీసుకుని చూశాను. నిలువు గీతలు. పేక పడని పడుగులా ఒకదాని పక్కన ఒకటి నిలబడి ఉన్నాయి. అనుమానానికి చోటే లేదు. అన్నకేసి చూశాను. ఆరు నెలల తర్వాత ఆ మొహంలో ప్రాణం ఉంది. పెదవులు కొద్దిగా తెరుచుకుని ఉన్నాయి. చిన్న పిల్లోడిలా నా నోటికేసి చూస్తున్నాడు.

"నీకూ అట్లే కనపడతాండాయా?"

"ఔనన్నా. అడ్డమే" అన్నాను.

ఆ మాట నేనెందుకన్నానో ఎన్నోసార్లు నాకు నేను చెప్పుకున్నాను. ఒక్క వారం సంతోషంగా ఉండనీ, మెల్లగా నిజం చెప్తాను అనుకున్నాను. ఆ వారం ఏడాదిన్నర సాగింది.

అన్న మాట్లాడటం మొదలుపెట్టాడు. నేను ఎప్పుడు బస్సు దిగుతానా అని చూసేవాడు. పోగానే వేలం ధరలు చదివించుకునేవాడు. అమెరికా మొట్టమొదటి స్టాంపులు రెండు రకాలని, అయిదు సెంట్లది ఒకటి, పది సెంట్లది ఒకటి అని, వాటికి అంచుల్లో రంధ్రాలుండవని, కత్తెరతో కత్తిరించి వాడేవాళ్ళని చెప్పాను. నాలుగు పక్కలా తెల్ల అంచు మిగిలితే ఒక ధర, ఒక పక్క కత్తెర బొమ్మలోకి దిగితే అందులో నాలుగో వంతు కూడా రాదని చెప్తే తల ఊపాడు. "అంచు పోయిన చీర మాదిరే" అన్నాడు. బొమ్మ తలకిందులుగా అచ్చయిన స్టాంపు మామూలు దానికంటే వేల రెట్లు పలుకుతుందంటే చాలాసేపు నవ్వాడు. "మనం కొంగు తలకిందులు నేస్తే సావుకారి కొడతాడు. వాళ్ళు దుడ్లిస్తారు చూడు!" పుస్తకంలో రాసిన ధర వేరని, వేలంలో పాడే ధర వేరని, వెనక కాగితం పొర లేచిపోయి ఉంటే, మూల విరిగి ఉంటే ధర ఎట్లా పడిపోతుందో, నిజమైనదేనని పెద్దవాళ్ళ సర్టిఫికెట్ లేకపోతే ఎవరూ ముట్టరని అన్నీ నేర్చుకున్నాడు. నేర్పింది నేను.

మొదటి ఆర్నెల్లలో మగ్గాన్ని విప్పించి అమ్మేశాడు. కొయ్య ఒకరికి, అంచు బొమ్మలు తీసే జాకార్డు పెట్టె ఒకరికి. ఆ రోజు నేను లేను. పోయేసరికి గుంట మీద పలకలు పరిచి, వాటి మీద చాప వేసి ఉంది.

వదిన నన్ను వంటింట్లోకి పిలిచింది. "నీ మాట ఇంటాడు, చెప్పప్పా. నేత నేర్పే సెంటర్లో పనిస్తామంటే పోనన్యాడు. కండ్లు మసగ్గా ఉండాయంటాడు, డాక్టరు దగ్గరికి పా అంటే, స్టాంపు అమ్మినంక బెంగళూర్లో పెద్ద డాక్టరుకే చూపించుకుంటానంటాడు. ఎప్పుడమ్మేది, ఎప్పుడు చూపించేది?"

"నేను తీసుకుపోతాలే వదినా" అన్నాను.

తీసుకుపోలేదు. బెంగళూరు పోతే నా అబద్ధం బయటపడుతుంది. పరీక్షలన్నాను. ఎన్నికల డ్యూటీ అన్నాను. పెద్ద వేలాల కాలం ఇంకా రాలేదన్నాను. ప్రతి సాకూ నమ్మాడు. వాకిట్లో ముంత తన్నుకుని పడిన రోజు కూడా నేను అక్కడే ఉన్నాను. వదిన ముంతను దారిలో పెట్టిందని విసుక్కున్నాడు. నేనూ అదే అనుకున్నాను. వయసు మీద పడితే చూపు తగ్గడం మామూలే కదా, అద్దాలు పెట్టుకుంటే సరిపోతుంది అనుకున్నాను.

కడకు ఆయనే టికెట్లు తెప్పించాడు. "నువ్వు వస్తే రా, లేకుంటే నేనే పోతా" అన్నాడు. ఉతికిన తెల్ల చొక్కా వేసుకుని, స్టాంపును ప్లాస్టిక్ కవర్లో, దాన్ని ఒక నోటుపుస్తకంలో పెట్టుకుని రైలెక్కాడు. హిందూపురం దాటేదాకా మాట్లాడుతూనే ఉన్నాడు. వదినను పని మానిపిస్తాడంట. భాయ్‌కి సగమిస్తాడంట. "వాడిచ్చింది కదరా, సగం వానిదే."

బెంగళూరులో స్టాంపులు కొనే పెద్దమనిషి ఒక ఇరుకు గదిలో కూర్చుని ఉన్నాడు. కన్నడం కలిసిన తెలుగు మాట్లాడాడు. ఓపికగా చూశాడు. పట్టకారుతో పట్టుకుని, చిన్న నల్ల గిన్నెలో పెట్టి ఏదో ద్రవం రెండు చుక్కలు వేశాడు. తర్వాత యంత్రం కింద పెట్టి, దాని బొమ్మను కంప్యూటర్ మీద పెద్దదిగా చూపించాడు.

"స్టాంపు నిజమైనదే. పాతదే. గ్రిల్ కూడా అసలుదే. కానీ ఇది మామూలు రకం, చూడండి, గీతలన్నీ నిలువు. వెనక పొర లేచింది, అంచులో ఒక పన్ను విరిగింది. ఇట్లాంటివి వేలంలో విడిగా పెట్టరు, పదింటిని కలిపి ఒక కట్టగా అమ్ముతారు. మీరిద్దరూ వచ్చిపోయిన ఖర్చులు వస్తాయి, ఇంకొంచెం మిగులుతుంది."

"అడ్డం కదా సార్" అన్నాడు అన్న.

ఆయన కోప్పడలేదు. కంప్యూటర్ తెరను అన్న వైపు తిప్పాడు. గీతలు ఒక్కొక్కటి బొటనవేలంత ఉన్నాయి. "మీరే లెక్కపెట్టండి, స్వామీ."

అన్న కుర్చీ ముందుకు జరుపుకుని వేలు చాచాడు. ఆ వేలు తెర మీద బొమ్మ లేని చోట, ఖాళీగా ఉన్న మూలలో ఆగింది. అక్కడే కదులుతూ, "ఒకటి, రెండు" అన్నాడు. తర్వాత ఆగిపోయాడు.

ఆ పెద్దమనిషి నాకేసి చూశాడు. "స్టాంపు సంగతి తర్వాత. వీరి కళ్ళు మొదట చూపించండి" అన్నాడు మెల్లగా.

మరుసటి రోజు కంటి డాక్టరు దగ్గర పొద్దంతా కూర్చున్నాం. అన్నకు చక్కెర జబ్బు ఉందని తెలియనే తెలియదు మాకు. అది ఎన్నేళ్ళుగానో లోపల తినేస్తూ వచ్చింది. కంటి వెనక పొర దెబ్బతింది, రెండు కళ్ళలోనూ రక్తం కారింది అన్నాడు డాక్టరు. పోయిన చూపు రాదు, ఉన్నదాన్ని కొన్నాళ్ళు నిలబెట్టే ప్రయత్నం చేద్దాం అన్నాడు. నన్ను పక్కకు పిలిచి, "చదువుకున్నట్టున్నారు. ఏడాది ముందు తెచ్చి ఉంటే చాలా మటుకు కాపాడేవాళ్ళం" అన్నాడు. నేను తల ఊపాను.

తిరుగు రైల్లో అన్న కిటికీ పక్కన కూర్చున్నాడు. పెనుకొండ దగ్గరపడుతుండగా మాట్లాడాడు.

"ఆ పొద్దు అద్దంలో నాకి ఏం కనపడల్యారా. అడ్డమో నిలువో. తెల్లగా పొగ మాదిరి ఉండె, అంతే. నేతగాడు కండ్లు కనపడవని ఎట్ల చెప్తాడు? సావుకారి చీరలు తిప్పంపినప్పటి నుంచి నాకి తెలుసు. ఎవురికీ చెప్పల్యా. నువ్వు అడ్డం అని సదివినావు కదా, అదే అన్యా. తప్పయితే తమ్ముడు చెప్తాడులే అనుకుంటి."

నాకేసి తిరిగాడు.

"నీ కండ్లు బాగుండాయి కదా. నీకి ఎట్ల కనపడినాయి?"

ఇంకొక అబద్ధం చెప్పి ఉండవచ్చు. నాకూ తెలియలేదన్నా, ఫోన్లో బొమ్మ సరిగా లేదన్నా, నేనూ మోసపోయానన్నా ఆయన నమ్మేవాడు.

"నిలువుగా కనపడినాయన్నా" అన్నాను.

అన్న తిట్టలేదు. మొహం కిటికీ వైపు తిప్పుకున్నాడు. ధర్మవరం స్టేషన్లో దిగేటప్పుడు నా భుజం పట్టుకోలేదు. తలుపు పక్కన కమ్మీని వెతుక్కుని, పట్టుకుని, దిగాడు.

ఇది జరిగి రెండేళ్ళయింది. సూదులు వేయించాం, లేజర్ పెట్టించాం. ఒక కన్ను పూర్తిగా పోయింది. రెండో కంట్లో వెలుతురు, చీకటి తెలుస్తాయి. వదినకు నేను అంతా చెప్పాను. ఆమె వింటూ బియ్యంలో రాళ్ళేరుతూనే ఉంది. చివరికి, "నువ్వు ఆయప్ప మంచికే అన్యావులే" అంది. ఆమె కొట్టి ఉంటే బాగుండేది. స్టాంపు నా దగ్గరే ఉంది. అమ్మలేదు. దాన్ని ఏం చేయాలో నాకు తెలియదు.

ఆదివారాలు ఇప్పటికీ పోతాను. అన్న బాగానే మాట్లాడతాడు. బడి గురించి అడుగుతాడు, అన్నం తిని పొమ్మంటాడు. కానీ ఏది చూడాలన్నా నన్ను అడగడు. మాత్ర ఏ రంగుదో పక్కింటామెను అడుగుతాడు. పేపరు వీధిలో పోయే ఎవరి చేతనో చదివించుకుంటాడు.

పోయిన నెల వానల్లేక ఊరి చుట్టూ సెనక్కాయ చేలు మాడిపోసాగాయి. అన్నకు చేను లేకపోయినా ఆ దిగులు అందరికీ ఉండేదే. ఒక మధ్యాహ్నం గాలి మారినట్టనిపించిందేమో, అరుగు మీద కూర్చుని మొహం పైకెత్తాడు.

"వాన మోడాలేమీ లేవన్నా. ఆకాశం తెల్లగా ఉంది" అన్నాను పక్కనుంచి.

"ఊ" అన్నాడు.

ఆదివారం కూడా పని పెట్టారని పోయిన వదిన పొద్దు వాలేసరికి ఫ్యాక్టరీ నుంచి వచ్చింది. చెప్పులు విడవకముందే అడిగాడు.

"ఏమే, తూర్పున మోడమేమన్నా పట్టిందా?"

వదిన నాకేసి చూసింది. తర్వాత వీధిలోకి రెండడుగులు వెనక్కి నడిచి, తూర్పుకేసి చూసింది.

"యాడ మోడం? ఏమీ లేదు."

అప్పుడు నమ్మాడు. కర్ర తడుముకుంటూ లేచి లోపలికి పోయాడు.